ఇల్లు వదిలేసిన కుర్రాడికి సాయం ఎక్కడ దొరుకుతుంది?

మా అక్క కొడుక్కి 17 ఏళ్లు. ఇంట్లో గొడవపడి బయటికొచ్చేశాడు. ఇవాళ ఒక ఫ్రెండ్ ఇంట్లో, రేపు ఇంకొకరింట్లో పడుకుంటున్నాడు. బ్యాగులో రెండు జతల బట్టలు, ఫోన్ చార్జరు, అంతే. మా ఇంటికి రమ్మంటే రాడు, పౌరుషం! రోడ్డు మీద లేడు కదా అని బావగారు తేలిగ్గా తీసుకుంటున్నారు గానీ, ఇలా తిరగడం కూడా నిలువ నీడ లేకపోవడమే.

యువత కోసం నడిపే షెల్టర్‌లో చేరితే వెంటనే ఇంట్లోవాళ్లకు కబురు పెడతారా? ఆ భయంతోనే వాడు వెళ్లనంటున్నాడు. 18 నిండితే పిల్లలకిచ్చే సాయం చాలావరకు ఆగిపోతుందట, అదింకో టెన్షన్. తండ్రీకొడుకుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే ఫ్యామిలీ కౌన్సెలింగ్ ఎవరికైనా పనికొచ్చిందా? అక్క కూడా నిద్రపోవట్లేదు. ఇలాంటి చోట పనిచేసినవాళ్లుంటే, ముందుగా ఎవరిని కలవాలో చెప్పండి ప్లీజ్.