చర్చ: ఇంటర్నెట్‌లో పుట్టిన దెయ్యాలంటే ఇంత భయం ఎక్కడి నుంచి వచ్చింది?

వెన్నెలదారి:
"ఇంటర్నెట్ దెయ్యాల కథల్లో పస లేదు, వికారమైన బొమ్మ ఒకటి పెట్టి బెదిరించడం తప్ప" అని మొన్న ఇక్కడ ఒకరు తేల్చేశారు. నేను ఒప్పుకోలేను. బొమ్మ ఒక్కటీ లేని కథతో మొదలుపెడతాను.

2004 జనవరి 8 రాత్రి. జపాన్‌లో 2ఛానెల్ అనే చర్చా వేదిక. హసుమి అనే పేరుతో ఒకామె రాసింది: రోజూ ఎక్కే రైలే ఎక్కాను, ఇరవై నిమిషాలు దాటినా ఎక్కడా ఆగడం లేదు, పెట్టెలో ఉన్న కొద్దిమందీ నిద్రపోతున్నారు. చదివేవాళ్లు సలహాలు మొదలుపెట్టారు. రైలు సిబ్బంది గది తలుపు తట్టింది, ఎవరూ పలకలేదు. చివరికి రైలు కిసరాగి అనే స్టేషనులో ఆగింది. ఆ పేరుతో స్టేషను ఏ పటంలోనూ లేదు. చుట్టూ గడ్డి, కొండలు, మనిషి అలికిడి లేదు. ఇంటికి ఫోను చేసింది, వాళ్లకు ఆ చోటు దొరకలేదు. పోలీసులు ఆకతాయి పని అనుకున్నారు. పట్టాల వెంట నడిచింది. దూరంగా డోలు, గంట మోగుతున్నాయని రాసింది. సొరంగం దాటాక ఒకతను కారులో ఎక్కించుకున్నాడు. కారు కొండల వైపు పోతోంది, అతను మాట్లాడడం మానేసి తనలో తాను ఏదో గొణుక్కుంటున్నాడు, ఫోనులో చార్జింగ్ అయిపోతోంది, వీలు చూసుకుని పారిపోతాను. తెల్లవారుజామున మూడు దాటాక ఆ మాట వచ్చింది. ఆ చర్చలో ఆమె నుంచి ఇంకేమీ రాలేదు.

ఆ రాత్రి మేలుకుని ఉన్నవాళ్లకు అది కథో నిజమో తెలియదు. ఒక మనిషి సాయం అడుగుతోంది, వీళ్లు తోచింది చెబుతున్నారు, ఏదీ పనిచేయడం లేదు. పుస్తకంలో దెయ్యం కథ చదువుతుంటే భయమేస్తే మూసేస్తాం, కథలోని మనిషికి మన అవసరం లేదు. ఇక్కడ కంప్యూటర్ కట్టేసి పడుకున్నామంటే ఆమెను ఆ చీకట్లో వదిలేసినట్టే. భయమంతా అందులో ఉంది. ఈ పని ఏ అచ్చు పుస్తకమూ చేయలేదు.

పాతపెంకుటిల్లు:
వెన్నెలదారి గారూ, ఒళ్లు జలదరించేలా చెప్పారు. కాని ఆ గొప్ప ఇంటర్నెట్‌ది అంటే ఒప్పుకోను. నాకు అరవై దాటాయి. 1980లలో మా ఇంటికి ఒక పోస్టుకార్డు వచ్చింది. పంపినవారి పేరు లేదు. నీలి సిరాతో చీమలబారులా అక్షరాలు. ఒక గుడిలో పూజారికి పాము కనిపించి మనిషి రూపంలో మాట్లాడిందనీ, ఈ కార్డు అందినవారు పదకొండు మందికి రాయాలనీ, రాసినవారికి లాటరీ తగిలిందనీ, చించేసినవారి కొడుకు చనిపోయాడనీ.

మా అమ్మ నమ్మలేదు. "ఎవరో పనిలేనివాళ్లు" అంది. కాని చించలేదు. కార్డు మూడు రోజులు బియ్యం డబ్బా మీద ఉంది. ఆమె దాన్ని తాకకుండా పక్క నుంచి బియ్యం కొలుచుకునేది. నాలుగో రోజు పొద్దున్నే నా చేతిలో రూపాయి అరవై అయిదు పైసలు పెట్టి పదకొండు కార్డులు తెమ్మంది, నాన్నకు చెప్పవద్దంది. చుట్టాల అడ్రసులు పది దాకా దొరికాయి. పదకొండోది నా స్నేహితుడి ఇంటికి నేనే రాశాను. వాడు ఆ ఇంటికి ఒక్కడే కొడుకు. కార్డు పోస్టు డబ్బాలో వేశాక ఆ సంగతి గుర్తొచ్చింది. నలభై ఏళ్లయింది, ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఆ తరువాత తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" రాసిన రోజులు. అదే కథ 1990లలో బెంగళూరులో "నాళె బా" అయింది. తలుపు తట్టే దెయ్యాన్ని ఎవరూ చూడలేదు. మా వీధిలో ఒక ఇంటివాళ్లు రాశారు, మర్నాటికి పక్కింటివాళ్లు, వారం తిరిగేసరికి రాయని తలుపు లేదు. రాయని ఇంటికే వస్తుందేమోనన్న భయం. మీరు చెప్పే భయాలన్నీ అప్పుడే ఉన్నాయి. కంప్యూటర్ వాటికి కాళ్లు ఇచ్చింది, అంతే.

లెక్కలమాస్టారు:
ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. పుట్టుక తెలియకపోవడమే ఈ భయానికి వేరు. ఆ వేరు తెంపితే భయం చస్తుంది.

2019 మేలో ఫోర్‌చాన్ అనే వేదికలో ఒక ఖాళీ గది ఫొటో, కింద రెండు వాక్యాలు వచ్చాయి. పసుపు గోడలు, తడి కార్పెట్ వాసన, ట్యూబులైట్ల రొద, వీడియో గేములో బొమ్మ గోడలోంచి జారిపోయినట్టు మనం ఈ లోకంలోంచి జారిపోతే చేరే చోటు. అరవై కోట్ల చదరపు మైళ్ల ఖాళీ గదులట. భూమి ఉపరితలం మొత్తం కలిపినా ఇరవై కోట్లకు కాస్త తక్కువే. అంటే మూడు భూములంత ఖాళీ. దాన్నే బ్యాక్‌రూమ్స్ అంటున్నారు. ఎక్కడి ఫొటోనో అయిదేళ్లు ఎవరికీ తెలియలేదు. 2024లో కొందరు పట్టు వదలకుండా వెతికి కనిపెట్టారు: అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం, ఆష్‌కాష్ పట్టణం. అంతకుముందు ఫర్నిచర్ దుకాణంగా ఉన్న భవనాన్ని ఆటవస్తువుల దుకాణంగా మారుస్తుంటే 2002 జూన్‌లో తీసిన ఫొటో. గది ఖాళీగా ఉన్నది మరమ్మతులు జరుగుతున్నందుకు. ఇక భయపడడానికి అందులో ఏముంది? పిల్లలకు ఈ సంగతి చెప్పి చూడండి.

సముద్రపుహోరు:
మాస్టారూ, ఆ ఊరి పేరు నాకూ తెలుసు. తెలిశాక ఆ ఫొటో ఇంకా ఎక్కువ భయపెట్టింది. నేను నైట్ షిఫ్టు మనిషిని. మూడు వందల మంది కూర్చునే అంతస్తులో తెల్లవారుజామున మూడింటికి నేనూ, ఏసీ చప్పుడూ. కుర్చీల వీపులకు ఎవరివో స్వెటర్లు. పెళ్లి అయిపోయిన ఫంక్షన్ హాలు మర్నాడు పొద్దున చూశారా? సన్నాయి ఆగిపోయి, కుర్చీలు దొంతరలు పెట్టి, పూలు ఊడ్చేశాక? దెయ్యం రానక్కరలేదు. జనం కోసం కట్టిన చోట జనం లేకపోతే చాలు. ఆ ఫొటో అదే. నిజంగా ఉన్న గది అని తేలడంతో నాకు మిగిలిన ఒక్క ధైర్యమూ పోయింది.

వెన్నెలదారి:
పాతపెంకుటిల్లు గారూ, మీ అమ్మగారు బియ్యం కొలిచిన తీరు చదివి చాలాసేపు ఊరుకుండిపోయాను. మీ మాటలో సగం ఒప్పుకుంటున్నాను: ఇంకొకరికి అందించాలనే బలవంతం పాతదే. మాస్టారి మాటకు మాత్రం ఎదురు సాక్ష్యం ఉంది.

స్లెండర్‌మ్యాన్‌ను చూడండి. ఆ బొమ్మ పుట్టిన రోజు, పుట్టించిన మనిషి అందరికీ తెలుసు. 2009 జూన్ 10న సంథింగ్ ఆఫుల్ అనే వేదికలో, మామూలు ఫొటోలను దెయ్యాల ఫొటోలుగా మార్చే పోటీలో విక్టర్ సర్జ్ అనే పేరుతో ఎరిక్ నుడ్‌సెన్ రెండు నలుపు తెలుపు ఫొటోలు పెట్టాడు. వాటిలో ముందు కనిపించేది పిల్లలు. చూపు కాస్త నిలిస్తే వాళ్ల వెనుక బాగా పొడవుగా, ముఖం లేకుండా నిలబడ్డ ఆకారం. కింద రెండు మూడు పంక్తులే: ఫొటో తీసిన మనిషి కనిపించకుండా పోయిందని, ఒక గ్రంథాలయం తగలబడిందని. ఎవరు, ఎందుకు, ఏమయ్యారు, ఏమీ చెప్పలేదు.

ఆ పేజీలో ఉన్నవాళ్లంతా అది కంప్యూటర్‌లో అతికించిన బొమ్మ అని తెలిసినవాళ్లే. అయినా ఎవరికి వారు ఇంకో ఫొటో, ఇంకో వాంగ్మూలం కలుపుతూ పోయారు. పది రోజులు తిరగకుండా జూన్ 20న వేరేవాళ్లు మార్బుల్ హార్నెట్స్ పేరుతో యూట్యూబ్‌లో వీడియోలు మొదలుపెట్టారు. 2012లో ఒక కంప్యూటర్ ఆట వచ్చింది: చీకటి అడవి, చేతిలో టార్చి, ఆయుధం లేదు, ఎనిమిది కాగితాలు ఏరుకోవాలి. స్లెండర్‌మ్యాన్‌ను చూస్తూ నిలబడితే తెర చెదిరిపోతుంది. చూడకుండా ఉంటే ఎక్కడున్నాడో తెలియదు.

పోస్టుకార్డుకూ దీనికీ తేడా ఇక్కడ ఉంది. కార్డులో ఉన్నదే దించి రాయాలి. ఇక్కడ ఖాళీలు వదిలేస్తారు, ఎవరి భయం వారు పోసుకుంటారు. ముఖం లేని మనిషికి ముఖం పెట్టుకునేది చూసేవాళ్లే కదా.

తీరికలేనిఅమ్మ:
ఇక్కడ పెద్దలంతా కథల గురించి మాట్లాడుతున్నారు. పిల్లల గురించి నేను చెబుతాను.

2019 మొదట్లో మా అమ్మాయి తరగతి తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. గుడ్లు బయటికి పొడుచుకొచ్చిన, చెవుల దాకా చీలిన నోరున్న ఆడ ముఖం. మోమో అట, పిల్లల వీడియోల మధ్యలో వచ్చి ప్రాణం తీసుకోమంటుందట, వెంటనే అందరికీ పంపండి. నేను ముందూ వెనకా ఆలోచించకుండా మరో మూడు గ్రూపులకు పంపాను. మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్లు. అది ఆ ముఖాన్ని ఏ వీడియోలోనూ చూడలేదు. నా ఫోనులో చూసింది. ఆరు నెలలు ఒంటరిగా స్నానాల గదిలోకి వెళ్లలేదు.

తరువాత చదివి తెలుసుకున్నాను. అది జపాన్ శిల్పి కెయిసుకె ఐసో చేసిన బొమ్మ. 2016లో టోక్యోలోని ఒక గ్యాలరీలో పెట్టారు. మోమో పుకారుకూ అతనికీ సంబంధం లేదు. 2018లో మన దేశంలోనూ పోలీసులు హెచ్చరికలు ఇచ్చారు. 2019 ఫిబ్రవరిలో బ్రిటన్‌లో బడులు, పోలీసులు ఒకరి తరువాత ఒకరు హెచ్చరికలు పంచితే, చివరికి అక్కడి పిల్లల సంక్షేమ సంస్థలే దీనివల్ల హాని జరిగినట్టు ఆధారాలు లేవని చెప్పాల్సి వచ్చింది. దెయ్యాన్ని పిల్లల దాకా మోసుకొచ్చింది హెచ్చరికలే. పంపింది టీచరు, పోలీసు, అమ్మ. వాళ్ల మాట ఎవరు కాదంటారు? కథలో కళ ఉందా లేదా అని మీరు వాదించుకుంటున్నారు. ఎవరి చేతి మీదుగా వచ్చిందన్నదే అసలు భయం అంటాను నేను.

పాతపెంకుటిల్లు:
అమ్మా, నా పదకొండో కార్డూ, మీ మూడు గ్రూపులూ ఒకటే. మీరు చెప్పింది 2018 వేసవిలో మన ఊళ్లలోనూ చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే పార్థీ ముఠా దిగిందని ఫోన్లలో వచ్చింది. రాత్రుళ్లు కర్రలు పట్టుకుని కాపలాలు, ముక్కూ మొహం తెలియని బాటసారులపై దాడులు. అప్పుడు జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా తిప్పి, పాటలతో, డప్పుతో అది అబద్ధమని చెప్పించారు. ఫోనులో వచ్చిన భయాన్ని మనిషి ఎదురుగా నిలబడి తీయాల్సి వచ్చింది.

వెన్నెలదారి గారూ, మీ స్లెండర్‌మ్యాన్ కథలో ముఖ్యమైన సంగతి ఒకటి మీరు చెప్పలేదు.

వెన్నెలదారి:
చెప్పలేదు. చెప్పడం కష్టమై వదిలేశాను. 2014 మే 31న, విస్కాన్సిన్‌లోనే, వాకెషా పట్టణంలో పన్నెండేళ్ల అమ్మాయిలు ఇద్దరు తమ తోటి అమ్మాయిని అడవిలోకి తీసుకెళ్లి పంతొమ్మిది సార్లు పొడిచారు. స్లెండర్‌మ్యాన్ కోసమట. తరువాత అతని ఇల్లు ఉందని నమ్మిన అడవి వైపు నడుచుకుంటూ పోయారు. గాయపడ్డ పాప పాకుకుంటూ దారి దాకా వచ్చింది, సైకిలు మీద వెళుతున్న ఒకతను చూశాడు, ప్రాణం దక్కింది. పొడిచిన ఇద్దరూ మానసిక అనారోగ్యం వల్ల శిక్షకు బాధ్యులు కారని 2017లో కోర్టులో తేలింది, చికిత్సాలయానికి పంపారు.

కోట్లమంది చదివిన కథ, ఇద్దరు ఇలా చేశారు. కథే చేయించిందని అనను. కాని ఖాళీలు వదిలేయడమే ఈ కథల బలమని పైన రాసింది నేనే. ఆ ఖాళీలో ఎవరు ఏం పోసుకుంటారో వదిలినవాడికి తెలియదు. ఇది నా వాదనకు తగిలే దెబ్బే. దాచుకోను.

లెక్కలమాస్టారు:
అయితే నా మాట దగ్గరికే వస్తున్నారు. తీరికలేనిఅమ్మ గారూ, ఆ బొమ్మ సంగతి మీ అమ్మాయికి చెప్పారా? శిల్పి పేరు, గ్యాలరీ ఫొటోలు, అన్నీ చూపించారా? చూపిస్తే భయం పోయి ఉండాలి.

తీరికలేనిఅమ్మ:
చూపించాను మాస్టారూ. పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చెప్పాను. అది రబ్బరుతోనూ నూనెలతోనూ చేసిన బొమ్మ అనీ, కుళ్లిపోతే చేసినాయనే 2018లో పారేశాడనీ, ఇప్పుడు అది లోకంలో ఎక్కడా లేదనీ చెప్పాను. శ్రద్ధగా వింది. తల ఊపింది. వెళ్లి పడుకుంది.

దీపం ఆర్పేశాక చీకట్లోంచి అడిగింది: "అమ్మా, పారేశాక అది ఎక్కడికి వెళ్లింది?"