ముందు నిలబడి పాడేవాళ్ళకు పరీక్ష పెట్టాలా? దేవునికిచ్చే ‘శ్రేష్ఠమైనది’ ఎవరిది?

శ్రుతిపెట్టె:
అందరికీ వందనాలు. ఆరాధన బృందంలో పాడటానికి, వాయించడానికి వచ్చేవాళ్ళను పరీక్షించే తీసుకోవాలని నా వాదన. “మనసుంటే చాలు, దేవుడు హృదయం చూస్తాడు” అనేవాళ్ళు మలాకీ 1:8 ఒక్కసారి చదవండి. గుడ్డిదాన్ని, కుంటిదాన్ని, రోగం పట్టినదాన్ని బలికి తెచ్చి అది తప్పే కాదన్నట్టు ఉన్న యాజకులతో, దాన్ని నీ అధికారికి ఇచ్చి చూడు, ఒప్పుకుంటాడా అని దేవుడు అడిగాడు.

నేను అడిగేది ఆకాశమంత ఎత్తు ప్రమాణం కాదు. గిటార్ పట్టేవాళ్ళకు ఎ స్వరం 440 హెర్ట్జ్ అనే ప్రమాణానికి శ్రుతి చేసుకోవడం రావాలి. తీగను కింది నుంచి పైకి బిగిస్తూ స్వరానికి తేవాలి. పై నుంచి వదులు చేస్తూ వచ్చి ఆపితే పట్టు నిలవక రెండో చరణానికే శ్రుతి దిగిపోతుంది. కొత్త తీగలు ఆరాధనకు గంట ముందు వేయకూడదు, అవి సాగడం ఆగేదాకా శ్రుతి నిలవదు. లేఖనం చదివేవాళ్ళు ముందురోజే భాగాన్ని పైకి చదివి, క్రియ ఎక్కడుందో చూసుకోవాలి. మన బైబిల్లో వాక్యాలు పొడుగు, క్రియ చివర్లో వస్తుంది. అచ్చులో పంక్తి తెగినచోటల్లా ఊపిరి తీసుకుంటే ఎవరు ఎవరితో అన్నారో వినేవాళ్ళకు తెలియదు. నెహెమ్యా 8:8లో లేవీయులు స్పష్టంగా చదివి అర్థం చెప్పారని ఉంది. ఈ మాత్రం అడగడం కూడా గర్వమేనా?

వెనకబల్ల:
మార్కు 12:42. బీద విధవరాలు వేసిన రెండు కాసులు. నా జవాబు ఇంతే.

పిండి_పదోవంతు:
శ్రుతిపెట్టె అన్నా, మలాకీ ఒకటో అధ్యాయం 8లో ఆపేశారు, 14 దాకా వెళ్ళండి. అక్కడ శాపం ఎవరికి? మందలో మంచి మగది ఉండగా, దాన్ని మొక్కుకుని, చెడిపోయినదాన్ని అర్పించినవాడికి. ఉన్నది దాచుకున్నందుకు శాపం గాని, లేనందుకు కాదు. లేనివాడి సంగతి లేవీయకాండం 5లో ఉంది. గొర్రెపిల్ల తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అదీ లేనివాడు తూమెడు గోధుమపిండిలో పదోవంతు తేవచ్చు. అది పాపపరిహారార్థ బలి అన్నా, చిన్న సంగతి కాదు. దానికే దేవుడు మెట్లు కట్టాడు. మీరు మాత్రం గాయకుడికి గొర్రెపిల్ల ఒక్కటే మెట్టు పెడుతున్నారు.

పైగా లేవీయకాండం 22:23 చూడండి. అవయవం పొడుగైనా పొట్టిదైనా ఆ పశువును స్వేచ్ఛార్పణగా ఇవ్వవచ్చు. లోపమున్నదాన్ని కూడా దేవుడు తీసుకున్న చోటు అది.

శ్రుతిపెట్టె:
తమ్ముడూ, గువ్వలు తెచ్చినవాడైనా బాగున్న గువ్వలే తెస్తాడు. పిండి తెచ్చినవాడు మెత్తటి పిండే తేవాలి, పురుగుపట్టినది కాదు. ధర తగ్గింది, నాణ్యత తగ్గలేదు.

ఇక పాట విషయానికే వస్తాను. 1 దినవృత్తాంతములు 15:22లో కెనన్యాను పాటలకు అధిపతిగా ఎందుకు పెట్టారు? ప్రవీణుడు కాబట్టి. కారణం వచనంలోనే ఉంది. 25:7లో పాటలో నేర్పు పొందిన 288 మంది. 24 వంతులు, వంతుకు 12 మంది. దావీదు మనసున్న ప్రతివాడినీ నిలబెట్టలేదు.

పిండి_పదోవంతు:
ఆ 288 దగ్గరికి వస్తారని తెలుసు. రెండు అధ్యాయాలు వెనక్కి వెళ్ళండి. 23:5లో వాయిద్యాలతో స్తుతించేవాళ్ళు 4,000 మంది. మరి 288 మందే నేర్పు గలవాళ్ళైతే మిగతావాళ్ళను దావీదు ఇంటికి పంపాడా? వాళ్ళ చేతికి వాయిద్యాలు చేయించి ఇచ్చాడు. ఇంకా, 25:8లో పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే తేడా లేకుండా వంతులకు చీట్లు వేశారు. శిష్యుడు అంటే ఇంకా నేర్చుకుంటున్నవాడే కదా.

శ్రుతిపెట్టె:
4,000 మంది ఒకేసారి పాడారని ఎక్కడుంది?

పిండి_పదోవంతు:
పాడలేదని ఎక్కడుంది?

మిక్సర్_పక్కన:
మీరిద్దరూ లెక్కల్లో ఉన్నారు గాని, సగం మందిరాల్లో గాయకుడు శ్రుతి తప్పేది గొంతు బాగాలేక కాదు, తన గొంతు తనకు వినపడక. గాయకుడికి తన గొంతు వినిపించే మానిటర్ స్పీకర్ మైకుకు వెనకవైపు ఉండాలి, ఎందుకంటే మామూలు కార్డియాయిడ్ మైకు వెనకనుంచి వచ్చే శబ్దాన్ని తక్కువగా పట్టుకుంటుంది. మైకు జాలీని చేత్తో మూస్తే ఆ గుణం పోయి, స్పీకర్ శబ్దం మళ్ళీ మైకులోకి వచ్చి కూత మొదలవుతుంది. కూత వచ్చిందని అందరూ గాయకుడివైపు చూస్తారు.

ఇంకోమాట, శబ్దం తగ్గించండి. 85 డెసిబెల్ దగ్గర చెవి 8 గంటలు తట్టుకుంటుందని పని స్థలాలకు పెట్టిన అమెరికా వాళ్ళ ఎన్‌ఐఓఎస్‌హెచ్ హద్దు. ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగమవుతుంది, 94 దగ్గర గంటే. అంత హోరులో పక్కవాడి పాట వినపడక సంఘం నోరు మూసుకుంటుంది. ఆ మౌనాన్ని చూసి బృందం ఇంకా పెంచుతుంది.

కొత్తచిగురు:
మా సంఘంలో పరీక్ష పెట్టారు. నెగ్గినవాళ్ళంతా ఒకే కుటుంబం. నేనింతకంటే చెప్పను.

శ్రుతిపెట్టె:
సిస్టర్, పక్షపాతం జరిగితే అది పక్షపాతం, పరీక్ష తప్పు కాదు.

పిండి గారూ, మీరు లేవీయకాండం 22:23లో సగమే చెప్పారు. మిగతా సగం నేను చెప్తాను. ఆ పశువు స్వేచ్ఛార్పణకు పనికొస్తుంది, మొక్కుబడికి పనికిరాదు. అదే వచనంలో ఉంది! బృందంలో పేరు ఇచ్చినవాడు మొక్కుకున్నవాడే. ప్రసంగి 5:5 మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలు అంటోంది. రిహార్సల్‌కి రారు. పల్లవి ఎన్నిసార్లు తీసుకోవాలో తెలియదు, చరణం మాటలు ఫోనులో అప్పటికప్పుడు వెతుకుతారు, పాట మధ్యలో తాళం లాగేస్తారు. అడిగితే “దేవుని కోసం పాడుతున్నాం, మనుషుల కోసం కాదు” అంటారు. ఇంట్లో ఒక్కసారైనా పాడి చూసుకోనివాడు ఆ మాట అంటే నాకు ఒళ్ళు మండుతుంది. 2 సమూయేలు 24:24లో దావీదు వెల ఇవ్వనిది అర్పించనన్నాడు. వీళ్ళు ఏ వెల ఇచ్చారు?

పిండి_పదోవంతు:
అన్నా, మీ కోపం ఇప్పుడు అర్థమైంది. ఆ కోపంలో న్యాయముంది. కాని చూడండి, మీ ఫిర్యాదు సాధన చేయనివాళ్ళ మీద, మీ పరీక్ష మాత్రం గొంతుకు. ఇంట్లో మూడు గంటలు సాధన చేసినా అపస్వరం పలికేవాడు మీ పరీక్షలో పోతాడు. పుట్టుకతో మంచి గొంతుండి ఏమీ సాధన చేయనివాడు నెగ్గుతాడు. వెల ఇవ్వనివాడు ఎవరు? మీరు మైకు ఇచ్చింది ఎవరికి? మలాకీ గద్దించింది ఆ రెండోవాడినే.

హాజరు చూడండి, గొంతు తర్వాత. రిహార్సల్ రెండుసార్లు తప్పితే ఆ వారం వంతు లేదని చెప్పండి, నేను మీ పక్కనే నిలబడతాను.

వెనకబల్ల:
ఇదే మొదట్లో చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

శ్రుతిపెట్టె:
హాజరు నియమం ఒప్పుకుంటాను. అయినా గొంతు వదలను. నలుగురు గట్టిగా పట్టుకున్న స్వరంలో ఒక్కడు అర్ధస్వరం కిందికి పాడితే సంఘమంతా జారుతుంది. సాధన చేశాడు కదా అని సంఘం చెవిని బలిపెట్టలేం. ముందు నిలబడ్డవాడి అర్పణ అతనొక్కడిది కాదు, అందరి తరఫునా ఇస్తున్నది. 1 కొరింథీ 14:26 సమస్తమూ క్షేమాభివృద్ధి కోసం జరగాలంటుంది. నా వాదన అంతా ఆ ఒక్కచోటే ఉంది.

పిండి_పదోవంతు:
మన తేడా కూడా అక్కడే. మీ దృష్టిలో ముందున్నవాళ్ళు అర్పిస్తారు, సంఘం వింటుంది. నా దృష్టిలో సంఘం అర్పిస్తుంది, ముందున్నవాళ్ళు దానికి స్వరం అందిస్తారు. అప్పుడు శ్రేష్ఠతకు కొలత మారిపోతుంది. పాట రికార్డులో ఇ స్కేల్‌లో ఉండి, పై స్వరం ఎఫ్ షార్ప్ దాకా పోతే సంఘంలో చాలామందికి అందదు. సి కి దించండి, పై స్వరం డి దగ్గర ఆగుతుంది. జి స్కేల్ కార్డుల ఆకారాలే వచ్చిన గిటారిస్టు ఐదో మెట్టులో కాపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే బిగింపు) వేసుకుంటే సరిపోతుంది. మీ మేటి గాయకుడికి అది చప్పగా ఉంటుంది. బల్లల్లో ఉన్న ముసలమ్మ మాత్రం పాడుతుంది. ఆ పాటను ఎవరు ఎంచుతారు, గాయకుడా, ముసలమ్మా?

మిక్సర్_పక్కన:
దించేముందు కింది స్వరం కూడా చూడండి. అది మరీ కిందికి పోతే మగవాళ్ళు గొణుగుతారు. మధ్యలో డి స్కేల్ పెట్టి పై స్వరం ఇ దాకా ఒప్పుకుంటే కొన్ని పాటలకు మేలు.

శ్రుతిపెట్టె:
స్కేల్ దించడం ఒప్పుకుంటున్నాను. దించినా పాడేవాడికి స్వరం రావాలి కదా! రానివాడిని ఏం చేద్దాం? మీరు ఇంకా చెప్పలేదు.

పిండి_పదోవంతు:
నేర్పుదాం. సంఖ్యాకాండం 8:24లో లేవీయుల సేవ 25వ ఏట మొదలు, 4:3లో 30వ ఏట. ఆ మధ్య ఐదేళ్ళు నేర్చుకోవడానికని యూదుల పెద్దలు చెప్పుకున్నారు. మీ 288 మంది కూడా నేర్చుకున్నవాళ్ళే. రానివాడిని బృందంలో రెండో వరుసలో, మైకు లేకుండా, గట్టి గొంతు పక్కన నిలబెట్టండి. ఒక్క స్వరం పట్టించి, సాగదీసి, మళ్ళీ పట్టించండి. ఆర్నెల్లకు తేల్చండి. ఆర్నెల్లు నేర్పకుండా పొమ్మనడానికి మాత్రం నేను ఒప్పుకోను.

శ్రుతిపెట్టె:
ఆర్నెల్ల తర్వాత కూడా రాకపోతే?

పిండి_పదోవంతు:
అప్పుడు వేరే వంతు ఇవ్వండి, లేఖనం చదవడమో తలుపు దగ్గర నిలబడటమో. ఆ మాట సంఘ పెద్దలు అతన్ని పక్కకు పిలిచి చెప్పాలి, మైకు ఆపేసి తెలియజేయకూడదు.

శ్రుతిపెట్టె:
చెప్పేది బృందం నాయకుడే. పాట తెలిసినవాడే పాట గురించి తేల్చాలి. దీనిలో నేను దిగను.

పిండి_పదోవంతు:
నేనూ దిగను.