కొత్త పరికరమేదీ కొనకుండానే కరెంటు యూనిట్లు ఇంతగా పెరగడానికి కారణమేమై ఉంటుంది?

దేవరకొండ వాసి:
మాది నల్లగొండ జిల్లా దేవరకొండ. మా ఇంట్లో నెలకు 180 యూనిట్లు దాటేవి కావు కనుక గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చేది. గత రెండు నెలలుగా అది 340కి అటూ ఇటూగా వస్తోంది. 200 దాటితే మొత్తం యూనిట్లకూ చెల్లించవలసి ఉంటుంది కాబట్టి భారం ఒక్కసారిగా మీద పడింది. ఇంట్లో ఏసీ లేదు. ఫ్రిజ్, ఫ్యాన్లు, టీవీ, పెరట్లో ఒక హెచ్‌పీ బోరు మోటారు మాత్రమే ఉన్నాయి. పాతబడిన ఫ్రిజ్ మీదే అందరికీ అనుమానం. కొత్తది కొనే ముందు అసలు కారణాన్ని తెలుసుకునే పద్ధతి ఉంటే దయచేసి చెప్పగలరు.

పాలమూరు ఎలక్ట్రీషియన్:
ఫ్రిజ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. నెలకు 160 యూనిట్లు పెరిగాయంటే, రాత్రింబగళ్లు ఆగకుండా సుమారు 220 వాట్లు ఎక్కడో ఖర్చవుతున్నట్టు లెక్క. ఫ్రిజ్ వల్ల అంత పెరగాలంటే కంప్రెసర్ ఆగకుండా నడవాలి, అది ఇంట్లోవారి చెవిన పడకుండా ఉండదు.

ముందుగా బిల్లుపై ఉన్న రీడింగును మీటరులోని అంకెతో సరిచూడండి. ఆ తరువాత ఇంటి మెయిన్ స్విచ్ ఆపి, మీటరుపై మిణుకుమనే ఎర్ర లైటును గమనించండి. మీటరు ముఖం మీద 3200 అనో 1600 అనో అచ్చువేసి ఉంటుంది. ఒక యూనిట్ ఖర్చయ్యేసరికి ఆ లైటు అన్నిసార్లు వెలుగుతుందని దాని అర్థం. మెయిన్ ఆపగానే లైటు ఆగిపోతే లోపం ఇంటి లోపలే ఉన్నట్టు, అప్పుడు ఒక్కొక్క ఎంసీబీని (బోర్డులో ఒక్కో లైనుకు ఉండే చిన్న స్విచ్) వేస్తూ వెతకవచ్చు. ఆగకపోతే మెయిన్‌కు ముందే ఏదో లైను కలిపి ఉందన్నమాట. మన ప్రాంతంలో బోరు లైనును అలా కలపడం మామూలే.

కల్వకుర్తి రైతుబిడ్డ:
మోటారు ఎక్కువసేపు నడుస్తోందేమో కూడా చూడండి. బోరులో నీటి మట్టం పడిపోయినా, చెక్ వాల్వు పాడై ట్యాంకు నీళ్లు తిరిగి బోరులోకి జారినా, ట్యాంకు నిండడానికి పట్టే సమయం పెరుగుతుంది. అయితే ఒక హెచ్‌పీ మోటారు గంటకు రమారమి ఒక యూనిట్ తీసుకుంటుంది కనుక, ఈ పెరుగుదలకు అది రోజూ ఐదు గంటలకు పైగా అదనంగా నడవాలి. ఆటో స్టార్టరు లేకపోతే అది మీకు తెలియకుండా జరగదు.

దేవరకొండ వాసి:
ఆటో స్టార్టరు లేదు, మోటారును మేమే వేసి ఆపుతాము. మీరు చెప్పినట్టు మెయిన్ ఆపాను, మోటారు స్విచ్ కూడా ఆపి ఉంది. అయినా 3200 అని ఉన్న మా మీటరు లైటు సుమారు ఐదు సెకన్లకొకసారి వెలుగుతూనే ఉంది.

పాలమూరు ఎలక్ట్రీషియన్:
ఐదు సెకన్లకొకసారి అంటే గంటకు 720 సార్లు; దాన్ని 3200తో భాగిస్తే గంటకు 0.225 యూనిట్. ఆ లెక్కన 225 వాట్లు, అంటే నెలకు 162 యూనిట్లు. మీ బిల్లులో పెరిగినది సరిగ్గా అంతే.

నా అంచనా ప్రకారం మోటారు స్విచ్ కరెంటు తెచ్చే ఫేజు తీగకు బదులు, అది తిరిగి వెళ్లే న్యూట్రలు తీగను మాత్రమే తెంచుతోంది. అందువల్ల మోటారు తిరగకపోయినా ఫేజు కరెంటు బోరు లోపలి దాకా ఎప్పుడూ ఉంటుంది. నీళ్లలో మునిగిన కేబులు జాయింటు టేపు చెడిపోతే అక్కడి నుంచి భూమిలోకి పోతుంది. సుమారు ఒక ఆంపియరు లీకైతే చాలు, ఈ లెక్క సరిపోతుంది. బోరు లైనులోని ఫేజు మరియు న్యూట్రలు తీగలు రెండింటినీ కలిపి క్లాంపు మీటరులో (తీగ చుట్టూ పట్టి కరెంటును కొలిచే పరికరం) ఉంచితే సున్నా చూపాలి; చూపకపోతే లీకేజీ ఖాయం.

బిల్లు సంగతి అలా ఉంచి, ఆ బోరు పైపునూ కేసింగునూ ఎవరూ తాకకుండా చూడండి, పిల్లలను అటు పోనివ్వకండి. తెలిసినవారి చేత ఆ లైనును మీటరు దగ్గరే విడదీయించండి. మోటారును పైకి తీసి జాయింటు కొత్తగా వేయించి, రెండు తీగలనూ ఒకేసారి తెంచే డబుల్ పోల్ స్విచ్‌తో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైనును ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. లైను విడదీసిన తరువాత కూడా మీటరు లైటు వెలుగుతూనే ఉంటే, అప్పుడు మీటరు పరీక్ష కోసం సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు ఇవ్వవచ్చు.