డీబగ్ బిల్డూ రిలీజ్ బిల్డూ వేరుగా ఉండాలా, ఒక్కటే చాలా?

కొత్తకంపైలర్
మా బోర్డులో ఫ్రీఆర్టాస్ (చిన్న చిప్‌ల మీద టాస్కులు నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) వాడుతున్నాం. రెండు కాన్ఫిగరేషన్లున్నాయి, తప్పులు వెతకడానికి డీబగ్, కస్టమర్‌కి పంపడానికి రిలీజ్. డీబగ్ ఓ జీరోతో (కంపైలర్ ఆప్టిమైజేషన్ లేకుండా), కాన్ఫిగ్ అసర్ట్ (షరతు తప్పితే అక్కడే పట్టుకునే చెక్) ఆన్, స్టాక్ ఓవర్‌ఫ్లో చెక్ (టాస్క్ తనకిచ్చిన మెమరీ దాటిందా అని చూసేది) 2, లాగులు ఫుల్లు. రిలీజ్ ఓ ఎస్‌తో (కోడ్ సైజు తగ్గించే ఆప్టిమైజేషన్), పైవన్నీ పీకేసి. డీబగ్ వారం రోజులు మెదలకుండా నడుస్తుంది, రిలీజ్ ఎక్కిస్తే కొన్ని గంటలకే ఎస్పీఐ (చిప్‌కీ సెన్సర్‌కీ మధ్య డేటా లైను) మీదున్న సెన్సర్ చెత్త విలువలిస్తోంది. మా లీడ్ డీబగ్ బిల్డే పంపెయ్ అంటారు, ఇంకో సీనియర్ అలా పంపితే పరువు పోతుందంటారు. మీరెలా పెట్టుకుంటున్నారు?

లింకర్‌స్క్రిప్ట్
ఒక్కటే బిల్డు. టెస్ట్ చేసింది ఒకటీ పంపేది ఇంకోటీ అయితే ఆ వారం రోజుల టెస్టింగ్ ఎవరి కోసం చేసినట్టు? ఓ జీరో నుంచి ఓ ఎస్‌కి వెళ్తే టైమింగ్ మారుతుంది, స్టాక్ వాడకం మారుతుంది, వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే చదవమని కంపైలర్‌కి చెప్పే మాట) పెట్టడం మర్చిపోయిన ఫ్లాగులన్నీ అప్పుడే బయటపడతాయి. 1997లో మార్స్ పాత్‌ఫైండర్ దిగాక కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అయ్యింది కదా, వీఎక్స్‌వర్క్స్‌లో (దాన్లో నడిచిన ఆపరేటింగ్ సిస్టమ్) ట్రేస్ సౌకర్యం, అంటే ఏది ఎప్పుడు నడిచిందో రాసుకునేది, పీకెయ్యకుండానే పంపారు కాబట్టి ఇక్కడ భూమ్మీద ఇంకో బోర్డులో అదే సాఫ్ట్‌వేర్ నడిపి ప్రయారిటీ ఇన్‌వర్షన్ (తక్కువ ప్రాధాన్యం ఉన్న టాస్క్ తాళం పట్టుకుని ఎక్కువ ప్రాధాన్యం ఉన్నదాన్ని ఆపెయ్యడం) అని పట్టుకున్నారు. మ్యూటెక్స్‌కి (ఒకేసారి ఒక్క టాస్కే వాడేలా వేసే తాళం) ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేస్తే సర్దుకుంది, అది కూడా ఇక్కణ్ణుంచే చేశారు.

చిన్నఫ్లాష్
అంగారకుడి మీదకి పంపేవాళ్ళ సంగతి వేరు గురువుగారూ. నాది 64 కేబీ ఫ్లాష్, 8 కేబీ ర్యామ్. ఓ జీరో పెడితే లింకరే ఒప్పుకోదు, పట్టట్లేదు పొమ్మంటుంది. పైగా మైనస్ జీ ఆప్షన్ పెడితే డీబగ్ సింబల్స్‌తో (డీబగ్గర్‌కి కావలసిన పేర్లూ లైన్ నంబర్లూ) ఇంకా లావవుతుంది.

టిక్‌రేట్
మైనస్ జీ వల్ల ఫ్లాష్‌లో ఒక్క బైట్ కూడా పెరగదు. సింబల్స్ మన కంప్యూటర్లో తయారయ్యే ఈఎల్ఎఫ్ ఫైల్లోనే ఉండిపోతాయి, బోర్డులోకి పోవు.

చిన్నఫ్లాష్
పెరుగుతుంది బ్రో, నా కళ్ళతో చూశా. ఫైల్ దాదాపు పదింతలయ్యింది.

టిక్‌రేట్
నువ్వు చూసింది ఈఎల్ఎఫ్ సైజు. సైజ్ కమాండ్ కొట్టి టెక్స్ట్, డేటా, బీఎస్ఎస్ (కోడూ వేరియబుల్సూ పట్టే చోటు) చూడు. రెండింటికీ అవే అంకెలు వస్తాయి.

చిన్నఫ్లాష్
నేనీ పని మొదలెట్టి పన్నెండేళ్ళయ్యింది, సైజంటే ఏంటో నాకు చెప్పక్కర్లేదు.

కేకాన్ఫిగ్
మేం జెఫిర్ (ఇదీ ఫ్రీఆర్టాస్ లాంటిదే) వాడతాం. అందరికీ ఒకటే సెట్టింగుల ఫైలు పీఆర్‌జే డాట్ కాన్ఫ్, డీబగ్ కావాలంటే దాని మీద చిన్న ఫ్రాగ్మెంట్ ఫైల్ వేస్తాం, అది పట్టుమని పది లైన్లుండదు. తేడా ఏముందో కావాలంటే రెండు బిల్డ్ ఫోల్డర్లలోని డాట్ కాన్ఫిగ్ ఫైళ్ళకి డిఫ్ (తేడాలు చూపే కమాండ్) కొడితే చాలు. మనం ఆన్ చేసింది నాలుగే అనుకుంటాం, వాటి వెనకాల డిపెండెన్సీలు ఎన్ని లేచాయో అప్పుడు తెలుస్తుంది. నా మొదటి డిఫ్ చూసి నాకే నవ్వొచ్చింది.

చిన్నఫ్లాష్
సరే సైజ్ కొట్టాను, టెక్స్ట్ రెండింటికీ ఒకటే వచ్చింది. కానీ నా పాయింటు అది కాదు.

టిక్‌రేట్
ఇందాకటిదాకా అదే కదా పాయింటు!

కొత్తకంపైలర్ తమ్ముడూ, వీళ్ళ గొడవ ఆగేది కాదు గానీ నువ్వు రిలీజ్‌లో పీకేసినవి ఒక్కొక్కటే వెనక్కి పెట్టి చూడు. ముందు ఓ ఎస్ అలాగే ఉంచి అసర్ట్ ఒక్కటే ఆన్ చెయ్యి.

లింకర్‌స్క్రిప్ట్
నేను ఓ జీరో పంపమన్నానా ఎక్కడైనా? నా ఒక్క బిల్డు అంటే ఓ ఎస్, మైనస్ జీ, అసర్ట్ ఆన్, స్టాక్ చెక్ ఆన్. మొదటిరోజు నుంచీ దాంతోనే పనిచెయ్యాలి. డీబగ్గర్‌లో లైన్లు అటూఇటూ గెంతుతాయి, కొన్ని వేరియబుల్స్ కనపడవు, భరించాలి. అసర్ట్‌ల వల్ల ఫ్లాష్ నిండేది చాలావరకు ఫైల్ పేర్ల స్ట్రింగుల వల్లే, ఫోల్డర్ పాత్ మొత్తం ప్రతి ఫైలుకీ లోపలికి పోతుంది. అవి తీసేసి లైన్ నంబర్, ప్రోగ్రామ్ కౌంటర్ (కోడ్‌లో ఎక్కడుందో చెప్పే అడ్రస్) మాత్రం దాచుకుంటే 64 కేబీలో కూడా పడుతుంది.

చిన్నఫ్లాష్
పడుతుందండీ, పట్టదని కాదు. పడితే ఏమవుతుందో మీకు తెలీదు. మా పాత కంపెనీలో అసర్ట్‌లు ఉంచే పంపాం. లాగ్ బఫర్ నిండిందని ఎక్కడో ఓ పనికిరాని అసర్ట్ కొట్టుకుని మెషీన్ రీసెట్, లేవగానే మళ్ళీ అదే, మళ్ళీ రీసెట్. అసలు పని బ్రహ్మాండంగా చేస్తున్న మెషీన్‌ని లాగ్ కోసం చంపేశాం. కస్టమర్ ముందు నిలబడి చీవాట్లు తిన్నది నేను, ఆ అసర్ట్ రాసినాయన మీటింగ్‌కి కూడా రాలేదు. ఆరోజు నుంచీ నా రిలీజ్‌లో అసర్ట్ ఉండదు, ఎవరు చెప్పినా ఉండదు.

లింకర్‌స్క్రిప్ట్
అయితే నాదీ వినండి. మా దగ్గర రిలీజ్‌లో స్టాక్ చెక్ తీసేశారు, అరమిల్లీసెకను కలిసొస్తుందని. ఒక టాస్క్ స్టాక్ పొంగి పక్కనున్న వేరియబుల్ మీద పడింది, మోటార్ ఆపాల్సిన చోట ఆగలేదు. రీసెట్ లేదు, ఎర్రర్ లేదు, లాగ్ లేదు. నాలుగు నెలలు వెతికాను. చెక్ ఉండుంటే మొదటి గంటలోనే దొరికేది. మీకు రీసెట్ అయ్యిందని బాధ, నాకు రీసెట్ అవ్వలేదని బాధ.

చిన్నఫ్లాష్
మోటార్ ఉన్నచోట ఆపండి, నేనొద్దనట్లేదు. నాది కొలతలు తీసి పంపే పెట్టె. ఒక్క విలువ తప్పొచ్చినా మిగతావి వస్తూనే ఉండాలి.

లింకర్‌స్క్రిప్ట్
తప్పొచ్చింది ఆ ఒక్క విలువే అని ఎలా చెప్తారు? మెమరీ పాడయ్యాక ఏ విలువనీ నమ్మలేం.

నిద్రలేనిబోర్డు
ఓహో, మీ గొడవ రెండు బిల్డుల గురించి కాదన్నమాట. ఫీల్డులో తప్పు జరిగితే ఆగిపోవాలా, లాక్కొచ్చెయ్యాలా అని. ఇది ముందే చెప్తే మూడు గంటలు మిగిలేవి.

చిన్నఫ్లాష్
నేను మొదట్నుంచీ అదే అంటున్నా.

టిక్‌రేట్
మొదట్నుంచీ మైనస్ జీ అన్నావు.

కొత్తకంపైలర్
దొరికింది! టిక్‌రేట్ అన్న చెప్పినట్టే చేశా. ఓ ఎస్ ఉంచి అసర్ట్ ఆన్ చేస్తే రెండ్రోజులు శుభ్రంగా నడిచింది, ఆఫ్ చెయ్యగానే మళ్ళీ చెత్త. అసర్ట్ లైన్లన్నీ చూసుకుంటూ పోతే సెన్సర్ డ్రైవర్లో సెమాఫోర్ టేక్ (తాళం తీసుకునే) కాల్‌ని కాన్ఫిగ్ అసర్ట్ లోపలే రాశాం. ఆ మాక్రో డిఫైన్ చెయ్యకపోతే ఖాళీ అయిపోతుంది కదా, దాంతోపాటు టేక్ కూడా ఎగిరిపోయింది. తాళం వెయ్యకుండానే రెండు టాస్కులూ ఎస్పీఐ మీద ఒకేసారి పడుతున్నాయి. టేక్‌ని బయటికి తీసి, వచ్చిన విలువని మాత్రమే అసర్ట్‌లో పెట్టా. ఇప్పుడు రెండు బిల్డులూ బానే ఉన్నాయి.

లింకర్‌స్క్రిప్ట్
చూశారా, ఒక్క బిల్డే ఉండుంటే ఈ తప్పు ఎప్పటికీ బాధపెట్టేది కాదు.

చిన్నఫ్లాష్
చూశారా, రెండు బిల్డులు ఉండబట్టే ఈ తప్పు దొరికింది.

టిక్‌రేట్
తమ్ముడూ, రిలీజ్‌లో ఆ టేక్ టైమౌట్ అయితే ఇప్పుడేం చేస్తున్నావ్? అసర్ట్ లేదుగా అక్కడ.

కొత్తకంపైలర్
ప్రస్తుతానికి ఏమీ చెయ్యట్లేదన్నా. అలాగే ముందుకెళ్ళి చదివేస్తోంది. లీడ్‌నీ సీనియర్‌నీ మళ్ళీ కూర్చోబెట్టాలి.