1660లో ఇంగ్లండ్‌లో రాచరికం తిరిగి రావడానికి అసలు కారణం జీతాల బకాయిలేనా?

రాజును తీసేశాక వచ్చిన రిపబ్లిక్‌ను ఏలిన ఆలివర్ క్రామ్‌వెల్ 1658 సెప్టెంబరు 3న చనిపోయాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1660 మే 29న, రెండో చార్లెస్ రాజుగా లండన్‌లో అడుగుపెట్టాడు. చాలామంది నెపమంతా క్రామ్‌వెల్ తర్వాత గద్దెనెక్కిన కొడుకు రిచర్డ్ చేతకానితనం మీదకు నెట్టేస్తారు. అది అన్యాయమని నా అభిప్రాయం. అతని చేతికొచ్చేసరికే ఖజానాకు సుమారు 20 లక్షల పౌండ్ల అప్పుంది, సైనికులకు జీతాలు బాకీ పడ్డాయి.

పార్లమెంటు పన్ను వేస్తేనే జీతాలు. ఆ పార్లమెంటునే సైన్యం 1659 ఏప్రిల్‌లో రద్దు చేయించింది. మేలో తిరిగి పిలిచిన పాత సభను (1653లో క్రామ్‌వెల్ మూసేసినదాన్ని) అక్టోబరులో సైన్యాధికారి లాంబర్ట్ గెంటేశాడు. అంటే కూర్చున్న కొమ్మనే నరుక్కున్నారు. స్కాట్లండ్‌లోని సైన్యానికి అధిపతైన జనరల్ మంక్ పార్లమెంటు పక్షాన అక్కడి నుంచి కదిలేసరికి లాంబర్ట్ సైన్యం పోరాడకుండానే కరిగిపోయింది. రాజుతో రాజీ కోరినందుకు 1648లో సైన్యం వెళ్లగొట్టిన సభ్యులను మంక్ 1660 ఫిబ్రవరి 21న తిరిగి సభలో కూర్చోబెట్టాడు. దాంతో బలాబలాలు తారుమారయ్యాయి. ప్రవాసంలో ఉండి ఏప్రిల్ 4న తన హామీలతో వెలువరించిన బ్రెడా ప్రకటనలో చార్లెస్ కూడా మంక్ సైనికుల బకాయిలు తీరుస్తానన్నాడు.

ఈ కాలం బాగా చదివినవారు చెప్పండి: 1659 వేసవిలో బకాయిలు తీర్చి ఉంటే రిపబ్లిక్ నిలిచేదా? లేక స్వేచ్ఛగా ఎన్నికలు పెడితే రాజు పక్షమే గెలుస్తుందన్న భయమే దాన్ని కూల్చిందా? మంక్ ముందే రాజు వైపు మొగ్గాడా, ఫిబ్రవరిలో లండన్ చేరాకా?