హుస్సేన్‌సాగర్ చుట్టూ ఒక మధ్యాహ్నం: ఏ వైపు నుంచి మొదలుపెట్టాలి?

డిసెంబరులో ఒక ఆదివారం ఆరుగురు స్నేహితులం వెళ్తున్నాం. ఒకరికి మోకాళ్ల నొప్పి, మెట్లు, దూరాలు కష్టం. అందుకే సలహా కావాలి.

అనుకున్నది ఇదీ: రెండింటికి సంజీవయ్య పార్కు ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్‌లో దిగి, పార్కులో చెట్ల నీడన రెండు గంటలు కూర్చోవడం. అక్కడి నుంచి నెక్లెస్ రోడ్డు మీదుగా ఆటోలో లుంబినీ పార్కు, నాలుగున్నరకు సరస్సు మధ్యలోని బుద్ధ విగ్రహం దగ్గరికి పడవ. ఆ నెలలో ఆరు కాకముందే పొద్దు గుంకుతుంది కాబట్టి ఆఖరున ట్యాంక్‌బండ్. సూర్యుడు నీళ్ల మీద దిగడం తూర్పు గట్టయిన ట్యాంక్‌బండ్ నుంచే కనిపిస్తుంది. ఈ వరుస తిప్పితే ఆ దృశ్యం పోతుంది.

తెలిసినవాళ్లు చెప్పండి:

ప్రవేశ టికెట్టు, పడవ టికెట్టు వేరు కదా, ఆదివారం పడవ వరుసకు ఎంతసేపు కేటాయించాలి? ఎక్కేచోట పట్టుకోవడానికి ఆసరా ఉంటుందా? గాలి ఎక్కువై పడవలు ఆపితే టికెట్టు డబ్బు తిరిగిస్తారా? ఆరుగురికి రెండు ఆటోలు నెక్లెస్ రోడ్డు మీద దొరుకుతాయా, ముందే మాట్లాడుకోవాలా?

ఇంటి పులిహోర లోపలికి తీసుకెళ్లనిస్తారో లేదో కూడా చెప్పగలరు.