సమస్యాపూరణం: కాలు తెంచుకొనుట మేలు మేలు

సీతమ్మధార మాస్టారు: ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు పూరించండి.

కాలు తెంచుకొనుట మేలు మేలు

ఇందులో ప్రాసయతి పడింది (మామూలు యతి బదులు ‘కాలు’, ‘మేలు’ల్లో రెండో అక్షరం కలిసింది), చూసుకోండి. వర్ణించాల్సింది హార్వెస్ట్‌మన్ అనే జీవిని. మిరియపు గింజంత ఒళ్లు, దానికి ఎనిమిది సన్నటి పొడుగు కాళ్లు. చూడ్డానికి సాలీడే, కానీ సాలీడు కాదు. సాలీడుకి నడుము ఉంటుంది, దీనికి తలా పొట్టా కలిసి ఒకటే ముద్ద. షుగరు, ఆసుపత్రి, ఆపరేషన్ పద్యాలు మాత్రం దయచేసి వద్దు.

గాజువాక తమ్ముడు: గురువుగారూ, నా ప్రయత్నం.

బల్లి నోట చిక్కి ప్రాణము పోనున్న
వేళ నొక్క కాలు విడిచిపెట్టి
పరుగు తీయు పురుగు బ్రతుకును దక్కించు
కాలు తెంచుకొనుట మేలు మేలు

సీతమ్మధార మాస్టారు: ధార బాగుంది తమ్ముడూ. కానీ ‘పురుగు’ అని ఊరుకున్నావు. మిడత కూడా కాలొదిలేసి గెంతుతుంది, ఈ పద్యం దానికీ సరిపోతుంది. పైగా ‘దక్కించు’ దగ్గర అన్వయం తడబడింది. అది పురుగు చేసే పనా, తెంచుకోవడానికి విశేషణమా?

మధురవాడ మిత్రుడు: నాకు రెండో పాదమే కుదిరింది: ‘గూడు నల్లి విషపు కోర బెట్టు’.

ఎంవీపీ కాలనీ జువాలజీ మేడమ్: గణాలు సరిపోయాయి, యతీ సరిపోయింది, చెప్పిన రెండు విషయాలూ తప్పండీ! దీనికి పట్టు దారం తీసే గ్రంథులూ లేవు, విషమూ లేదు. సాలీడు ఎరను రసం చేసుకుని పీలిస్తే, ఇది ముక్కలు కొరుక్కుని మింగుతుంది. ముట్టుకుంటే కంపు కొట్టే ద్రవం వదులుతుంది, అదే దాని ఆయుధం.

భీమిలి అమ్మాయి:

తెగిన కాలు నేల తెగ తన్నుకొనుచుండ
చీమలెల్ల దాని చెంత మూగ
ఏడు కాళ్లజీవి యెటకొ జారుకొనును
కాలు తెంచుకొనుట మేలు మేలు

సీతమ్మధార మాస్టారు: శభాష్ అమ్మా! ఏడు కాళ్ల దగ్గర నవ్వొచ్చింది. ‘తెగ తన్నుకొనుచుండ’ అనేది ఎక్కడా అతికించినట్టు లేదు.

జువాలజీ మేడమ్: విషయం కూడా కచ్చితంగా ఉంది. కాలు ఎక్కడ పడితే అక్కడ తెగదు, తొడ మొదట్లో ఉన్న కీలు దగ్గరే ఊడుతుంది. తొడలోనే పేస్‌మేకర్ లాంటిది ఉంటుంది కాబట్టి ఊడిన కాలు తనంతట తాను కొట్టుకుంటూనే ఉంటుంది. కాలికే గాలి రంధ్రాలు ఉండడం వల్ల ఆ ఆట ఇంకాస్త సాగుతుంది. కొన్ని జాతుల్లో నిమిషం, కొన్నింటిలో గంట దాకా. శత్రువు దాన్ని చూస్తూ ఉండిపోతుంది.

గాజువాక తమ్ముడు: బల్లి తోకలా మళ్లీ మొలుస్తుందా మేడమ్?

జువాలజీ మేడమ్: మొలవదు. అందుకే ‘మేలు మేలు’ అని రెండుసార్లు అనడానికి నాకు కాస్త సంకోచం. రెండో జత కాళ్లు మరీ ముఖ్యం. వీపు మీద చిన్న దిబ్బకి అటొకటి ఇటొకటి రెండు కళ్లున్నా చూపు అంతంత మాత్రమే. ఆ జతతోనే తడుముకుంటూ తిరుగుతుంది. అది పోతే బతుకు కష్టం. అన్నట్టు, లిన్నేయస్ అనే శాస్త్రవేత్త 1758లో పేరు పెట్టిన ఫలాంజియం ఒపిలియో అనే హార్వెస్ట్‌మన్ జాతి యూరప్ పొలాల్లోది, పేనుబంకను తింటుంది. దానికోసం మన విశాఖ కంబాలకొండ అడవిలో వెతక్కండి.

గాజువాక తమ్ముడు: అయితే ఇలా మార్చానండి.

కనులు మసక గాన కాలితో దడవుచు
దారి వెదకు జోడు తప్ప నితర
యారు కాళ్లలోన నాపదలో నొక్క
కాలు తెంచుకొనుట మేలు మేలు

భీమిలి అమ్మాయి: అన్నయ్యా, నాదాని కంటే ఇదే గట్టి పూరణ. షరతు పెట్టి మరీ మేలన్నావు.

సీతమ్మధార మాస్టారు: నిజమే. ‘తప్ప’ అన్నాక ‘ఇతర’ పాదం నింపడానికే వచ్చింది, అదొక్కటే లోపం. వేగం కోసం అమ్మాయి పద్యం, ఆలోచన కోసం ఇది. నా ఓటు దీనికే, ఒక అర మార్కు కోత వేసి.

వచ్చే వారానికి కూడా ఆటవెలదే: ‘సాలెగూడు లేని సాలెపురుగు’. హార్వెస్ట్‌మన్‌ని మళ్లీ తేకండి, అది సాలీడే కాదని ఇప్పుడే తేలింది. గూడల్లకుండా గెంతి పట్టే సాలీళ్లు మన గోడల మీదే ఉన్నాయి.